తిరగని దారపు ఉండ

నా భార్య పోయి పదకొండు రోజులు ముగిసిన మర్నాడు, జగిత్యాలలో మేముంటున్న అద్దె ఇంట్లోంచి ఆమె వస్తువులన్నీ తీసేశాను. చీరలు అంతకుముందే చుట్టాల ఆడవాళ్లు పంచుకుపోయారు. మిగిలినవి నేను తీశాను. చెప్పులు, సగం వాడిన క్రీము డబ్బాలు, విరిగిన క్లిప్పులు, స్కూల్లో పిల్లలతో చేయించిన కాగితపు పూలు. రెండు పెద్ద సంచులయ్యాయి. పొద్దున వచ్చే చెత్త ఆటోలో నా చేత్తోనే వేశాను. వస్తువును పట్టుకుని మనిషిని తలచుకోవడం నాకు నచ్చదు. అప్పటికి అది నా గట్టి అభిప్రాయం.

ఆ సంచుల్లో ఒక అట్ట కోను కూడా ఉంది. ఫ్రిజ్ మీద దొరికింది. మరమగ్గాలకు నూలు ఇలాంటి కోన్ల మీదే చుట్టి వస్తుంది. నూలు అయిపోయాక ఖాళీ కోను మిగులుతుంది. జానెడు పొడవు, ఒక వైపు వెడల్పు, ఒక వైపు సన్నం. వెడల్పు మూతిలోంచి ఒక దారం వేలాడుతోంది, దారం చివర నిమ్మకాయంత నూలు ఉండ. నా భార్య పుట్టిల్లు సిరిసిల్ల, వాళ్లది నేతపని. అక్కడి నుంచి ఏ సామానుతోనో వచ్చిన చెత్త అనుకున్నాను.

సాయంత్రం మా అమ్మాయి కుర్చీ వేసుకుని ఫ్రిజ్ మీద వెతికింది. తనకు తొమ్మిదేళ్లు.

"డాడీ, అమ్మ కోనేది?"

"ఏ కోను?"

"అమ్మ నాకు చేసిచ్చింది. ఉండ ఎగరేసి కోన్ల పట్టేది."

పారేశానని చెప్పాను. కుర్చీ మీద అలాగే నిలబడి నన్ను చూసింది.

"అది నాది గద. నన్ను అడగాలె గద."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కుర్చీ దిగి, నా ఫోను తీసుకుని, సిరిసిల్లలో ఉన్న వాళ్ల తాతకు చేసింది.

మా మామ మర్నాడు మొదటి బస్సుకే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప బయట నిలబడే మాట్లాడాడు.

"పొల్లను తీస్కపోతున్న అల్లుడా."

"పరీక్షలున్నయి మామా."

"నాలుగో తరగతి పరీక్షలు రాయకుంటె ఏ కొలువు పోతది? పెండ్లాం సామాను పదకొండు దినాలకే చెత్తబండ్ల ఏసినోని ఇంట్ల పొల్ల ఏం సదువుతది?"

అమ్మాయి అప్పటికే సంచి సర్దుకుని ఉంది. నేను ఆపలేదు. ఆపే హక్కు ఉందని ఆ క్షణంలో అనిపించలేదు.

మామకూ నాకూ మధ్య పగ అంతకు ముందుదే. జ్వరం వచ్చిన మొదటి మూడు రోజులు నా భార్యకు ఇంట్లోనే మాత్రలు వేశాం. మామూలు జ్వరం, తగ్గుతుంది అని నేనే అన్నాను. నాలుగో రోజు దవాఖానకు తీసుకుపోయాను. ఆరో రోజు శవాన్ని తెచ్చుకున్నాను. ఆలస్యం చేశావని నాతో ఎవరూ అనలేదు, మామ తప్ప. ఆయన అన్నాడు, అందరి ముందు, శవం ఇంట్లో ఉండగా. "మూడు దినాలు బుక్కులు సదువుకుంట కూసున్నడు లైబ్రరీ సారు." నేను ఒక కాలేజీలో లైబ్రరీ చూసుకుంటాను.

అప్పుడు బదులు చెప్పలేదు. దహనం అయ్యాక చెప్పాను, మాటతో కాదు. ఆయన మా గల్లీ మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. మధ్యలో నా భార్య ఫొటో, చుట్టూ గులాబీలు, మబ్బులు, రెండు హంసలు. ఆమె మెడలో ఎన్నడూ లేని హారం కూడా కంప్యూటర్లో వేయించాడు. బతికి ఉండగా చెవులకు దుద్దులు తప్ప ఏమీ పెట్టుకోని మనిషి. ఆ హారం చూస్తూ రోజూ గల్లీ దాటలేక, కూరగాయల కత్తితో తాళ్లు కోసి ఫ్లెక్సీని కిందికి దించాను. అల్లుడు నా బిడ్డ బొమ్మను కోసిండని మామ సిరిసిల్లలో చెప్పుకున్నాడు. తాళ్లనే కోశానని నేనెవరికీ చెప్పుకోలేదు.

ఆ ఎండాకాలం అంతా ప్రతి ఆదివారం సిరిసిల్లకు పోయాను. మామ ఇంటి ముందు భాగంలో నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. అవి నడుస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆ చప్పుడే నాకు నయంగా ఉండేది. అమ్మాయి నా ఎదురుగా కూర్చుని, అడిగినదానికి తలూపి, అమ్మమ్మ పిలవకపోయినా పిలిచినట్టు లేచి లోపలికి పోయేది.

మే నెల మొదట్లో ఒక ఆదివారం మామ సాంచాలు ఆపి వచ్చి, నా ముందు మంచం మీద కూర్చున్నాడు.

"ఇక్కడ మా గల్లీ స్కూల్ల మాట్లాడిన. అయిదో తరగతి. నువ్వు టీసీ తెచ్చియ్యి."

"తను జగిత్యాలలోనే చదువుతది."

"దాన్నడుగు."

అడిగాను. అమ్మాయి గోడకు ఆనుకుని, నన్ను చూడకుండా చెప్పింది.

"అమ్మ చేసినట్టు కోను చేసి తే. అచ్చం గట్లనే. బడి తెరిచే లోపల తెస్తే వస్త. లేకుంటె ఈడనే ఉంట."

మామ నవ్వాడు. "అచ్చం గట్లనేనట. ఇన్నవా? నేను సూసిన, దసరకు మీ ఇంటికొచ్చినప్పుడు. నువ్వు సూసినవా?"

చూడలేదు. ఆర్నెల్లు నా ఇంట్లో, నేను రోజూ నీళ్ల సీసా తీసుకునే ఫ్రిజ్ మీద ఉన్న వస్తువును ఒక్కసారే చూశాను, పారేసేటప్పుడు.

పోతూ పోతూ గల్లీ చివర పారేసిన కోన్ల కుప్పలోంచి నాలుగు ఏరుకున్నాను. మామను అడిగితే సంచెడు ఇచ్చేవాడు. అడగలేదు.

జగిత్యాలలో, కాలేజీకి సెలవులు కాబట్టి, రోజంతా ఆ పనే పెట్టుకున్నాను. ఇలాంటి బొమ్మ చాలా దేశాల్లో ఉందని చదివాను. ఒక పుస్తకంలో చెక్కతో చేసిన దాని బొమ్మ కూడా దొరికింది. చదివింది ఏమీ పనికిరాలేదు. చేతిలో పెట్టుకుంటే గాని తెలియని చిక్కులు ఉన్నాయి. ఉండ కోను మూతి కన్నా పెద్దదైతే లోపలికి పడదు. చిన్నదైతే జారి అడుగున ఇరుక్కుంటుంది, సన్నని వైపు నుంచి పుల్లతో పొడిచి బయటికి తీయాలి. ప్రతిసారీ పుల్లతో పొడవాల్సిన బొమ్మతో ఏ పిల్లా ఆడదు. కోను లోపల పాత పేపరు ఉండ చుట్టి, మూతికి మూడు వేళ్ల కింద దాకా కూరాను. ఇక ఉండ అక్కడే ఆగింది. ఉత్త నూలు ఉండ మరీ తేలిక, ఎగరేస్తే ఎటో పోయేది. లోపల గోలీ పెడితే పెదవికి తగిలి నాకే వాచింది. చివరికి నాలుగు చింతగింజలు పెట్టి, చుట్టూ నూలు చుట్టాను. దారం పొడవు పెంచుతూ, తగ్గిస్తూ రెండు రోజులు పోయాయి. పొట్టిదైతే ఉండ మూతి దాటి పైకి లేవదు, పొడుగైతే చెయ్యి ఒకటి చేస్తే ఉండ ఇంకొకటి చేస్తుంది. కోను పొడవుకు మరో జానెడు కలిపితే సరిపోయింది.

నేను పది సార్లు ఎగరేస్తే మూడు సార్లు పట్టగలిగాను. దాని మీద రంగు వేయలేదు, కాగితం అంటించలేదు. అలాగే సంచిలో పెట్టుకుని ఆదివారం బస్సెక్కాను.

నేను పోయేసరికి అమ్మాయి చేతిలో అప్పటికే ఇంకొకటి ఉంది. మామ చేయించాడు. మంచం కోళ్లు చేసేవాడి దగ్గర లేత్ మిషను మీద చెక్కించిన గిన్నె, కింద పిడి. పిడి చుట్టూ ఎరుపు, పచ్చ, బంగారు రంగు వలయాలు. గిన్నె అంచుకు కుచ్చులు, పిడి చివర మూడు గజ్జెలు. ఉండ కూడా చెక్కదే, దాని మీద అద్దం ముక్కలు.

"సూడు లైబ్రరీ సారూ," అన్నాడు మామ. "వస్తువంటె గిట్లుండాలె. నువ్వు సంచిల ఏం తెచ్చినవ్? అట్టముక్కనా?"

"అమ్మాయి అచ్చం గట్లనే అడిగింది. గజ్జెలు అడగలేదు."

"మీ అమ్మ చేసింది గూడ ఇంత మంచిగ లేకుండె బిడ్డా," అని మనవరాలితో అన్నాడు, నాకు వినపడేలా. "నేను సూసిన గద."

అమ్మాయి ఎగరేసింది. గజ్జెలు మోగాయి. ఉండ గిన్నె అంచుకు తగిలి టక్కుమని పక్కకు పోయింది. చెక్క మీద చెక్క నిలవదు. మళ్లీ ఎగరేసింది. మామ లెక్కపెడుతూ, "జర పైకి, జర పైకి" అంటూ ఉత్సాహపడ్డాడు. ఎనిమిదో సారో తొమ్మిదో సారో దారం జారింది. ఉండ ఊడి నేరుగా తన నుదుటికి తగిలింది, కుడి కనుబొమ మీద. అద్దం ముక్క గీసుకుని సన్నగా నెత్తురు వచ్చింది.

అత్తమ్మ పసుపు తెచ్చి అదిమింది. మామ నేల మీద పడిన ఉండను తీసి, దారం కొసను వెలుతురులో పట్టుకుని చూశాడు.

"యాభై ఏండ్ల సంది ముళ్లేస్తున్న," అన్నాడు తనలో తాను. "నా ముడి జారిందా?"

జారింది. ఎందుకు జారిందో ఆ దారం కొస చూడగానే నాకు అర్థమైంది. ఆదివారాలన్నీ సాంచాల ముందు కూర్చుని చూసిందే. మగ్గం మీద పోగు తెగితే నేతగాళ్లు వేసే ముడి చాలా చిన్నది. ముడి వేసి కొసలు ముడికి ఆనించి కత్తిరిస్తారు. కొస మిగిలితే పక్క పోగులకు తగులుకుని బట్ట పాడవుతుంది. మగ్గం మీద పోగు ఎప్పుడూ బిగువుగా ఉంటుంది కాబట్టి అది జారదు. బొమ్మ దారం అలా కాదు. ఒకసారి వదులవుతుంది, ఒకసారి గుంజుతుంది. నున్నని పాలిస్టర్ దారం, కొసలు లేని ముడి. మగ్గం తెలియని వాడెవడైనా నాలుగు మోటు ముళ్లు వేసి వదిలేసేవాడు, అది పదేళ్లు ఉండేది. బట్టలో కనపడకూడదన్న పద్ధతిని ఆయన ఆట బొమ్మకు కూడా వాడాడు.

ఇది నేను మామూలుగా చెప్పి ఉండవచ్చు. అలా చెప్పలేదు.

"ఆమె మెడలో లేని హారం ఏయించినవ్. దీనికి ఎవలడగని గజ్జెలు కట్టించినవ్. ముడి మాత్రం ఎయ్యరాలే. కన్నుకు తగిలితే ఏం చేస్తుంటివి?"

 మామ ఆ ఉండను వీపు వెనక దాచుకోవడం చూశాను. చూసి, లోపల ఎక్కడో తృప్తిగా అనిపించింది. ఆ తృప్తిని దాచి ఇక్కడ రాయలేను.

అమ్మాయి అమ్మమ్మ ఒడిలోంచి అంది. "నువ్వు పో డాడీ."

నా కోను సంచిలోంచి బయటికి కూడా తీయకుండా తిరిగి వచ్చాను.

తర్వాతి ఆదివారం తీశాను. అమ్మాయి నుదుటి మీద చిన్న మచ్చ మిగిలింది. కోనును అటూ ఇటూ తిప్పి, లోపలికి తొంగి చూసి, పేపరు ఉండను వేలితో నొక్కింది. దారం పట్టుకుని ఉండను కిందికి వదిలింది. ఉండ తిరగడం మొదలుపెట్టింది. ఒక వైపు గిరగిరా తిరిగి, ఆగి, మళ్లీ రెండో వైపు తిరిగింది.

"తిరుగుతంది," అంది.

"కొద్దిసేపైతే ఆగుతది."

"అమ్మది తిరగకపోతుండె."

"తిరగకపోతుండె," అన్నాడు మామ, సాంచా పక్కనుంచి. ఆ చప్పుడులో మా మాటలు ఎలా విన్నాడో తెలియదు. "నేను సూసిన గద. బాణం లెక్క నిలవడ్తుండె."

అమ్మాయి కోనును నా ఒళ్లో పెట్టి లోపలికి పోయింది. బడి తెరవడానికి రెండు వారాలుంది.

దారం మార్చాను. దర్జీ దగ్గర మూడు రకాలు తెచ్చి కట్టాను. గాలిపటం దారం కట్టాను. అన్నీ తిరిగాయి, కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. నా తాత మగ్గం నేసినవాడు. నా తండ్రి మానేశాడు. నాకు పుస్తకాలు వచ్చాయి, దారం రాలేదు.

వేరే దారి లేక ఒక రోజు కోరుట్ల పోయాను. నా భార్య అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఒకటో తరగతికి చెప్పేది, రోజూ బస్సులో పోయి వచ్చేది. ఆమెతో పాటు చెప్పిన ఒక టీచరు ఇల్లు వెతుక్కుంటూ పోయాను. దినాలకు వచ్చి, నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా పోయిన మనిషి. తలుపు తీసి, నన్ను చూసి, కాసేపటికి గాని లోపలికి రమ్మనలేదు.

ఎందుకు వచ్చానో చెప్పాను.

"అది మీ ఇంట్ల ఫ్రిజ్ మీదనే ఉండె గద సార్," అంది. "మీరెన్నడు సూడలేదా?"

"లేదు."

"మేడం మీ గురించి శాన చెప్తుండె. మా సారు ఫలానా బుక్కు సదివిండు, గిట్లన్నడు, గట్లన్నడు అని. మీరేమో ఆమె చేసింది ఒక్కటి సూడలేదు."

 ఆమె నా జవాబు కోసం ఆగలేదు.

"మొదలు క్లాసు కోసమే చేసింది సార్. ఒకటో తరగతి పిల్లలు ఒక్క నిమిషం నిలవరు గద. కోను చేతికిచ్చి, ఉండ కిందికి వదలమంటుండె. అది గిర్రున తిరుగుతుండె. ఆగేదాక ఎవలు ఎగరెయ్యద్దు. ఆగినంకనే ఎగరెయ్యాలె. ఉండను సూసుకుంట పిల్లలు గప్‌చిప్ కూసుంటుండిరి. గదే ఆట."

"తిరుగుతుండెనా?"

"తిరగాల్నే సార్. తిరగకుంటె ఆటేంది? తర్వాత అసొంటిదే ఇంకొకటి చేసి మీ పాపకిచ్చింది."

మజ్జిగ ఇస్తానంది. వద్దని లేచాను.

బస్సులో కూర్చుని ఆమె చెప్పినదాన్ని ఎన్ని విధాల చూసినా ఒక్కటే తేలింది. నేను చేసినదే అసలుదానికి దగ్గర. అమ్మాయి మరిచిపోయింది, లేదా రావడం ఇష్టం లేక తప్పు పట్టింది. మామ అబద్ధం చెప్పాడు. తిరగని ఉండను చూశానన్న మనిషి ఆ ఉండను చూడనే లేదు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి, కోరుట్ల టీచరుకు ఫోను కలిపి, నిజం ఏమిటో తేల్చవచ్చు. జగిత్యాల వచ్చే దాకా ఆ మాటలే కూర్చుకున్నాను. మామ ముఖం ఎలా మారుతుందో కూడా ఊహించుకున్నాను.

బస్సు దిగాక ఆ మాటలు వదిలేశాను. అమ్మాయి మరిచిపోయి ఉంటే, వాళ్ల అమ్మ వస్తువును తను తప్పుగా గుర్తుపెట్టుకుందని నేను రుజువు చేయాలి. తను రావడం ఇష్టం లేక అని ఉంటే, రుజువు చేసినా రాదు. తను అడిగింది తిరగని ఉండ. అది చేయడం ఒక్క మామకే తెలుసు.

బడి తెరిచే ముందటి ఆదివారం సిరిసిల్ల పోయేసరికి కరెంటు లేదు. లైను పనులని పొద్దుటే తీశారట. సాంచాలు ఆగిపోయి, గల్లీ అంతా మనుషుల మాటలు బయటపడ్డాయి. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"టీసీ తెచ్చినవా?"

"తేలేదు. దారం తిరగకుంట ఎట్ల చెయ్యాలె మామా?"

నా ముఖంలోకి చూశాడు. నేను ఆయనను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"బుక్కులల్ల లేదా?"

"లేదు."

"మీ తాత నేసినోడే గద. ఇంట్ల ఎవలకు తెల్వదా?"

"తెల్వదు."

నా చేత మరో రెండు సార్లు తెలియదని చెప్పించుకుంటాడనుకున్నాను. చెప్పించుకోలేదు. లోపలికి పోయి నాలుగు మూరల నూలు తెంచుకొచ్చాడు.

"ఒంటి పోగుకు ఒక్క దిక్కే పురి ఉంటది. బరువు కడితె ఆ పురి ఇప్పుకుంటది. అందుకే తిరుగుతది. పురి ఇంకింత ఎక్కించి, నడుమకు మడిచి, ఎదురు పురి పడనియ్యాలె. అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుంటయి. పట్టు ఈ కొస."

వాకిట్లో ఆ చివర ఆయన, ఈ చివర నేను నిలబడ్డాం. ఎవరి కొసను వాళ్లు వేళ్ల మధ్య కుడికి మెలిపెట్టాలి. దారం బిగువుగా ఉండాలి. వదులైతే తన చుట్టూ తనే ముడుచుకుని మెలికలు పడుతుంది, మళ్లీ మొదటి నుంచి చేయాలి. అమ్మాయి గడపలో నిలబడి చూస్తోంది.

"వదులు చెయ్యకు," అన్నాడు మామ.

"చేస్తలేను."

 దారం గట్టిపడుతోంది. వేళ్లకు కోత తెలుస్తోంది.

"మూడు దినాలు ఎట్ల ఆగినవ్?" అన్నాడు.

నేను మెలిపెడుతూనే ఉన్నాను.

"నిన్నే అడుగుతున్న. సదువుకున్నోనివి. మూడు దినాలు ఎట్ల ఆగినవ్?"

"తగ్గుతదనుకున్న."

"అనుకున్నవ్."

"నువ్వు గూడ అనుకున్నవ్ మామా. రోజు ఫోన్ చేసినవ్. ఎండదెబ్బ అన్నవ్. మజ్జిగ తాపుమన్నవ్. నేను దవాఖానకు తీస్కపోత అంటె, సూదులు పొడిపిచ్చి నా బిడ్డను ఆగం చేస్తవా అన్నవ్. అందరి ముందట నన్నన్నవ్. నీ మాట నేనెవలకు చెప్పలే."

ఆయన వేళ్లు ఆగాయి. కొసను మాత్రం వదల్లేదు. నేనూ వదల్లేదు. వదిలితే చేసిందంతా పోతుంది. అలాగే, నాలుగు మూరల దూరంలో, ఒకరినొకరు చూస్తూ నిలబడ్డాం. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నాకు జాలి కలగలేదు.

"పొల్ల ఇంటుంది," అంది అత్తమ్మ లోపలి నుంచి. "ఊకోండ్రి ఇద్దరు."

మామ దారం బిగువు చూసుకున్నాడు. "బిడ్డా, ఇటు రా. నడుమ పట్టుకో. గట్టిగ పట్టు."

అమ్మాయి వచ్చి దారాన్ని మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుంది. మేమిద్దరం బిగువు తగ్గకుండా అడుగు అడుగు వేస్తూ దగ్గరికి వచ్చాం. కొసలు కలిసే చోట ఆయన చెయ్యి నా చేతికి తగిలింది. ఆ చెయ్యిని అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. నా కొసను లాక్కున్నాడు.

"ఇగ వదులు బిడ్డా. మెల్లగ."

తను వదిలింది. మడత పడిన దారం తనంతట తానే మెలిపడి, పాయలా అల్లుకుని ఆగింది.

"చెయ్యి గుంజింది," అంది అమ్మాయి, వేళ్లు చూసుకుంటూ.

కోను నా సంచిలోంచి తీశాను. పాత దారం తీసేసి, మామ కొత్తది ఉండకు కట్టాడు. ముడి వేశాక చెయ్యి అలవాటుగా కత్తెర వైపు పోయింది. కొసకు ఆనించి, ఆగాడు. ముడి మీద ఇంకో ముడి వేశాడు, దాని మీద ఇంకొకటి. బొటనవేలంత కొస వదిలేశాడు.

"గలీజ్‌గున్నది," అన్నాడు.

"ఉండనియ్," అన్నాను.

అమ్మాయి వాకిలి మధ్య నిలబడి ఉండను కిందికి వదిలింది. అది కొంచెం ఊగి, ఆగింది. తిరగలేదు. తను ఎగరేసింది. మొదటిసారి పోయింది. రెండోసారి అంచుకు తగిలింది. అయిదోసారి ఉండ చప్పుడు లేకుండా కోన్లో పడింది. తను నవ్వలేదు. లోపలికి చూసి, ఉండను బయటికి దొర్లించి, మళ్లీ చూసింది.

"అమ్మది గిట్లనే ఉండెనా తాతా?"

నేను మామను చూశాను. లేదు అంటే చాలు. ఆ ఎండాకాలం అంతా అంటున్న మాటే. మర్నాడు నేను టీసీ తేవాలి, పిల్ల ఆయన దగ్గరే ఉంటుంది. అది ఆయనకు తెలుసు, నాకు తెలుసని కూడా తెలుసు.



"నేను సూడలే బిడ్డా," అన్నాడు.

"సూసిన అన్నవ్ గద."

"అన్న. సూడలే."

అమ్మాయి నా వైపు తిరిగింది. "నువ్వు?"

"నేను గూడ సూడలే. పారేసేటప్పుడు ఒక్కసారి, అంతే."

తను కోను పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ప్రేమ అనదగినది ఏమీ లేదు. ఇంత పెద్దవాళ్లు, ఇద్దరూ, ఒక్కరు కూడా చూడలేదు అన్నట్టు ఉంది.

"అయితె నాకొక్కదానికే ఎర్క," అంది. "గిట్లనే ఉండె. తిరగకపోతుండె."

కోరుట్లలో విన్నది నా నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

"అమ్మమ్మా, నా బట్టలు సర్దు," అని లోపలికి పోయింది.

వాకిట్లో మేమిద్దరం మిగిలాం. మామ కింద పడిన నూలు ముక్కలు ఒక్కొక్కటీ ఏరి, ఉండ చుట్టి, జేబులో వేసుకున్నాడు. సాయం పట్టడానికి నేను వంగలేదు.

"నిజం నీ కోసం చెప్పలే," అన్నాడు, నన్ను చూడకుండా.

"ఎర్కే మామా," అన్నాను.

ఆయన బస్టాండు దాకా రాలేదు. మా ఇద్దరినీ బస్సెక్కించడానికి అత్తమ్మ వచ్చింది.